గోడ మీది రేడియో

"ఒక్క మాట చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"ఒక్క మాట కాదు అవ్వా, అదే నీకు అర్థం కావడం లేదు. ఒక పండగ పేరు చెప్తే అన్నిటి పేర్లూ చెప్పాలి. అన్నీ చెప్పబోతే ఏదో ఒకటి మిస్సవుతుంది. మిస్సయినవాళ్ళు స్టేషన్‌కు ఫోన్ చేస్తారు."

"చేసుకోనీ. ఫోను వాళ్ళది, చార్జీ వాళ్ళది. నీదేం పోతాది?"

"నా ఉద్యోగం పోతుంది."

ఇక్కడికి వచ్చేసరికి మా మనవరాలు చేతిలోని చపాతీ ముక్కను పళ్ళెంలో పడేసి లేవబోయింది. తిండిని మధ్యలో వదిలి లేచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం ఎక్కడికీ పోదు, చపాతీ మాత్రం చల్లారిపోతుంది, తిన్నాక పోట్లాడుదువు కూర్చోమన్నాను. కూర్చుంది. నా మీద ఉన్న కోపమంతా ఆ చపాతీ మీద చూపిస్తూ నమిలింది. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం, మారతహళ్ళిలో మా ఫ్లాటు వంటింట్లో జరిగిన గొడవ ఇది. కింద రోడ్డు మీద పీజీల్లో ఉండే పిల్లలు ఎర్ర టోపీలు పెట్టుకుని కేకు డబ్బాలు మోసుకుపోతున్నారు. ఎదురు సందులో గుడి దగ్గర మర్నాటి ధనుర్మాసం పూజకు మైకు సర్దుతూ ఎవరో హలో హలో అంటున్నారు. బయట ఎవరి పండగ వాళ్ళు పేరు పెట్టి చేసుకుంటూనే ఉన్నారు. పేరు చెప్పడానికి భయమంతా మా ఇంట్లోనే.

మా మనవరాలు ఒక చిన్న రేడియోలో మాట్లాడుతుంది. అది పాటలూ ప్రకటనలూ వేసే రేడియో కాదు, పాతకాలపు సర్కారు పెద్ద రేడియోవంటిదీ కాదు. ఒక కాలేజీ మిద్దె మీద రెండు గదుల్లో నడుస్తుంది. నీళ్ళ ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడు వస్తుంది, కంటి పరీక్షలు ఎక్కడ చేస్తున్నారు, ఎవరి కుక్క తప్పిపోయింది, ఇలాంటివి చెప్తారు. రోజంతా కన్నడమే. పొద్దున మాత్రం అర్ధగంట తెలుగు. ఆ అర్ధగంటా మా పిల్లదే. పోయిన ఏడు ఒక అమ్మాయి క్రిస్మస్ గురించి కాస్త ఎక్కువసేపు చెప్పిందట. మా ఏకాదశికి అంతసేపు ఎందుకు చెప్పలేదని ఒకాయన అడిగాడట. ఏకాదశి చెప్తే, మా గురువుగారి జయంతి మాటేమిటని పంజాబీ ఆయన ఎవరో అడిగాడట. ఆయన అడిగింది మర్యాదగానే అయినా, స్టేషన్ పెద్దకు అప్పటికే తల బొప్పి కట్టింది. ఈ ఏడు ఏ పండగ పేరూ ఎత్తవద్దు, అందరికీ కలిపి ఒకే వాక్యం చెప్పండి అని తేల్చేశాడు. 'ఈ పండుగల వేళ మీ అందరికీ మా శుభాకాంక్షలు.' వారం రోజులుగా మా పిల్ల అదే చదువుతోంది. నేను వారం రోజులుగా అదే వింటున్నాను. ఆసుపత్రిలో పెట్టే జావ ఉంటుందే, ఉప్పూ కారం ఉండదు, ఎవరికీ అరగకుండా పోదు, ఎవరూ ఇంకాస్త పెట్టమని అడగరు, అట్లా ఉంటుంది ఆ మాట.

నేను చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు. మా అమ్మకు కాన్పు వచ్చి ఇంట్లో పని పడితే బడి మాన్పించారు. బడిలో నేర్చుకున్న లెక్కలు చాలావరకు మరిచిపోయాను కానీ హాజరు పిలవడం మాత్రం మరిచిపోలేదు. అయ్యవారు పేరు పిలిచేవరకు చెవులు అక్కడే పెట్టుకుని కూర్చోవడం, పేరు రాగానే గుండె ఎగిరిపడడం, గట్టిగా హాజరండీ అనడం. ఊళ్ళో అంత పెద్ద మనిషి నోట నా పేరు వచ్చేది రోజు మొత్తంలో అదొక్కసారే. ఆ సాయంత్రం మనవరాలికి అదే చెప్పాను. "అయ్యవారు వచ్చి, పిల్లలంతా వచ్చినారా అని ఒక్కమాట అడిగి కూర్చుంటే ఎవురు పలుకుతారు చెప్పు? పేరు పిలిస్తేనే గదా పలికేది."

"ఇది స్కూల్ కాదు కదా అవ్వా, రేడియో."

"మాకు రెండూ ఒకటే."

ఆ పిల్లకు తెలియనిదేమీ కాదు. నేను ఎవరి కోసం అడుగుతున్నానో ముందే తెలుసు. మా గోడక్క కోసం. అక్కకు వేరే పేరుంది, మంచి పేరు, బైబిల్లోది. కానీ మా ఇంట్లో పుట్టిన పిల్లలంతా ఆమెను గోడక్క అనే పిలిచారు. ఇప్పుడు హూడిలో కూతురి ఫ్లాటులో ఉంటోంది. కొన్నాళ్ళుగా ఆమెకు మతిమరుపు. మొదట స్టవ్ మీద పెట్టిన పాలు మరిచిపోయింది, తరవాత నెలలు, తరవాత మనుషులు. పోయిన నెల నేను పోయినప్పుడు నన్నూ మరిచిపోయింది. మంచం మీద కూర్చుని నా వైపు చూసి, "రండమ్మా, కూర్చోండి. ఏ ఊరు మీది? కాఫీ తాగుతారా?" అని అడిగింది. ఇన్నేళ్ళలో అక్క నాతో అంత మర్యాదగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒసే అనేది, ఏమే అనేది, నా పిసినారితనం మీద పదిమందిలో పరాచికాలాడేది. కాఫీ తాగాను, వచ్చేశాను. బస్సులో ఎటు చూస్తూ కూర్చున్నానో తెలియదు, రెండు స్టాపులు దాటిపోయాక దిగాను.

వచ్చేముందు వాళ్ళ కూతురు గుమ్మం దగ్గర ఒక మాట చెప్పింది. పక్క ఫ్లాటులో ఎవరో రేడియో పెడితే అమ్మ తలెత్తి గోడ పైకి చూస్తుంది చిన్నమ్మా, అక్కడేమీ లేదు, సీలింగే కదా ఉంది, అయినా చూస్తుంది అని. ఆ గోడ పైన ఏముండేదో నాకు తెలుసు. అందుకే ఒక ఆశ పుట్టింది. క్రిస్మస్ పొద్దున, మునుపటిలాగే, రేడియోలో ఆమె పండగను పేరుపెట్టి పిలిస్తే ఆమె పలుకుతుందేమో. ఒక్క ఘడియ పలికినా చాలు. నా ముఖం చూసి ఒక్కసారి ఏమే అంటే చాలు. ఈ వయసులో నేను ఇంకొకటి ఏదీ అడగలేదు, మా కోడలు ఉగాదికి చీర కొంటానంటే కూడా ఉన్నవి చాలన్నాను.

ఆ గోడ సంగతి చెప్పాలి. నేను కాపురానికి వచ్చింది హలసూరులో ఒక వఠారానికి. ఒకే పెంకుటి కప్పు కింద వరసగా చిన్న చిన్న ఇళ్ళు, అందరికీ ఒకటే ముంగిలి, ఒకటే కొళాయి. ఇప్పుడు ఆ స్థలంలో ఏదో జిమ్ము, దాని మీద ఇంకేదో ఆఫీసు వచ్చాయి. ఆ ఇళ్ళు కట్టించినవాడు నాకన్నా పొదుపరి. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ పెట్టాడు కానీ దాన్ని కప్పు దాకా కట్టించలేదు. నిలబడి చెయ్యెత్తితే అందేంత ఎత్తులో ఆపేశాడు. ఆ పైన అంతా ఖాళీ. ఒక ఇంట్లో తాలింపు వేస్తే పక్కింట్లో తుమ్మేవాళ్ళు. ఒక ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటే పక్కింటివాళ్ళు తీర్పు చెప్పేవాళ్ళు. నేను వచ్చిన మొదటి వారం, కొత్త కోడలిని, ఒకనాడు మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని మా అమ్మను తలుచుకుని ఏడుస్తూ కూర్చున్నాను. గోడ పై నుంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో ఉప్పు శెనక్కాయల పొట్లం. మనిషి కనబడలేదు. "ఏడిస్తే ఏడువు, తింటా ఏడువు," అంది ఆ చెయ్యి. అదీ మా మొదటి పరిచయం.

వాళ్ళది కోలారు పక్క. తరతరాలుగా తెలుగు మాట్లాడే క్రైస్తవులు. అక్క మొగుడికి మిల్లులో పని. ఒక ఏడు బోనసు వచ్చినప్పుడు రేడియో కొన్నాడు. తోలు తొడుగు, ముందువైపు చిన్న చిన్న చిల్లులు, భుజానికి తగిలించుకునే పట్టీ. వఠారంలో అదే మొదటి రేడియో. మా ఆయన కూడా కొందామన్నాడు. గోడ అవతల ఒకటి మోగుతుంటే ఇవతల ఇంకొకటి ఎందుకన్నాను. అక్కకు ఈ మాట వినబడింది, వినబడకుండా ఎట్లా ఉంటుంది. మర్నాడు ఆ రేడియోను తెచ్చి సరిగ్గా గోడ మీద పెట్టింది, ముఖం తమ ఇంటివైపు కాకుండా, మా ఇంటివైపు కాకుండా, పక్కకు తిప్పి. ఊరికే వినడం నాకూ ఇష్టం లేదు. రేడియో నీది, సెల్లులు నావి అన్నాను. అట్లా ఒప్పందం కుదిరింది. సెల్లులు నావి కాబట్టి వాటిని ఎంతకాలం నడిపించాలన్నది కూడా నా ఇష్టమే అయింది. సెల్లు అయిపోయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. తీసి పెంకుల మీద ఎండలో పెట్టేదాన్ని. సాయంత్రానికి దానికి కొంచెం ప్రాణం వచ్చేది. ఇంకో రెండు రోజులు పాడేది, చివర్లో జలుబు చేసినవాడి గొంతుతో. చలికాలంలో ఎండ చాలక ఒకసారి పొయ్యి గట్టు మీద పెట్టాను. అది కారి, గట్టంతా నల్లటి పాకం. ఆ రోజు ఆదివారం ఆరాధన వింటున్న అక్కకు మధ్యలో పాస్టరుగారి గొంతు మూలిగి మూలిగి ఆగిపోయింది. "దేవుని వాక్యాన్ని కూడా పొయ్యి మీద ఎండబెట్టినావు కదే," అని ఆ తరవాత ఏళ్ళ తరబడి నన్ను ఏడిపించింది.

ధనుర్మాసం వస్తే తెల్లవారకముందే రేడియోలో పాశురం వచ్చేది. చీకటి ఉండగానే గోడ మీద రేడియో మోగేది. నేను అప్పటికే లేచి, తలకు పోసుకుని, వాకిట ముగ్గుకు పిండి కలుపుకుంటూ ఉండేదాన్ని. విన్నానని అక్కకు తెలియాలి కదా. అరిస్తే అందరూ లేస్తారని గరిటెతో గోడ మీద తట్టేదాన్ని. తట్టగానే అక్క శబ్దం తగ్గించేది. తట్టకపోతే మాత్రం, నేను ఇంకా లేవలేదనుకుని పెంచుతూ పోయేది. వఠారమంతా లేచి కూర్చునేది. చివరింటి సాయిబుగారు, ఎవరినీ ఒక మాట అనని మనిషి, ఒకనాడు ముంగిట్లోకి వచ్చి, అమ్మా, ఆ గరిటె కాస్త తొందరగా తట్టు తల్లీ అని బతిమాలుకున్నాడు. నాకు పాశురం, సరే. ఆమెకేముంది ఆ చీకట్లో లేవడానికి. అడిగితే, నాకు ఎట్లాగూ మెలకువ వస్తాది పోవే అనేది. నేను నమ్మాను. అది అబద్ధమని వాళ్ళ కూతురు మొన్న మొన్ననే చెప్పింది. అమ్మకు పొద్దెక్కేదాకా నిద్ర లేవడం చేతకాదు చిన్నమ్మా, మిగతా నెలల్లో మా కాఫీలు మేమే పెట్టుకునేవాళ్ళం, నీ నెల వస్తేనే అలారం పెట్టుకుని, దాన్ని దిండు కింద దాచుకుని పడుకునేది అని.

పెద్ద రేడియోలో అప్పట్లో ఒకాయన మాట్లాడేవాడు. లోతైన గొంతు. కన్నడంలోనే చెప్పేవాడు, మాకు అదీ ఇదీ ఒకటే. ఆయన పొద్దున్నే మొట్టమొదట ఆ రోజు ఏ పండగో పేరు చెప్పి, చేసుకునేవాళ్ళకు శుభం పలికేవాడు. ఈరోజు వైకుంఠ ఏకాదశి. ఈరోజు క్రిస్మస్. చలికాలంలో రంజాన్ పడిన ఏళ్ళలో అదీ చెప్పేవాడు, సాయిబుగారు ఆ రోజు మా గోడకింద స్టూలు వేసుకుని కూర్చుని వినేవాడు. ఎవరి పేరు వస్తే ఆ ఇంట్లో వాళ్ళు నిఠారుగా అయ్యేవాళ్ళు. అక్క అయితే క్రిస్మస్ పేరు వినబడేవరకు కొత్త చీర మడత విప్పేది కాదు. చర్చికి టైమవుతోందని వాళ్ళాయన గుమ్మంలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేవాడు. రేడియో ఆయన చెప్పనీ, అనేది అక్క. చెప్పాక గోడ పైనుంచి గులాబీపూల పళ్ళెం వచ్చేది, పంచదార వేసి అచ్చుతో నూనెలో వేయించినవి, పక్కన కేకు ముక్క. నేను గుడ్డు తిననని నాకోసం గుడ్డు లేకుండా వేరేగా చేసేది. అది రాయిలా ఉండేది. ఇంకో నాలుగు ఇస్తే గోడను పైదాకా కట్టేయొచ్చు అని మా ఆయన నవ్వేవాడు. నేను మాత్రం దాన్ని కాఫీలో నానబెట్టి చివరి ముక్క వరకు తినేదాన్ని. పారేయడం నా వల్ల కాదు. ఆ రోజు నేను వాళ్ళ వాకిట్లో కూడా ముగ్గు వేసేదాన్ని, చుక్కలు కలిపి నక్షత్రం.

మా ఆయన పోయింది ధనుర్మాసంలోనే. ఉన్నట్టుండి, భోజనానికి కూర్చోబోతూ. వచ్చినవాళ్ళు వచ్చారు, పోయినవాళ్ళు పోయారు. కొన్ని రోజులకు క్రిస్మస్ వచ్చింది. ఆ పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తెలిసింది, రేడియో మోగడం లేదు. గోడ అవతల అందరూ లేచే ఉన్నారు. గిన్నెలు చప్పుడు కాకుండా దించుతున్నారు, పిల్లల నోళ్ళు మూస్తున్నారు. అక్క తన పండగను నోరెత్తనివ్వలేదు. కొత్త చీర మడత విప్పనూలేదని తరవాత తెలిసింది. నేను పడుకున్నదాన్ని లేచి, వంటగట్టు మీద గరిటె తీసుకుని గోడ మీద తట్టాను. అటువైపు ఏ చప్పుడూ లేదు. మళ్ళీ తట్టాను. అప్పుడు పెట్టింది, చెవి ఆనించి వింటే తప్ప వినబడనంత సన్నగా. ఆ లోతు గొంతు ఆయన క్రిస్మస్ పేరు అప్పటికే చెప్పేశాడో, ఇంకా చెప్పలేదో, నాకు వినబడలేదు. గోడకు ఒక పక్క నేను తల ఆనించుకుని కూర్చున్నాను. అటు పక్క ఆమె కూడా అట్లాగే కూర్చుందని నాకు తెలుసు. గోడ కొంచెం వెచ్చగా ఉండింది.

వఠారం పడగొట్టే రోజు వచ్చినప్పుడు అక్క రేడియోను నా చేతిలో పెట్టింది. మా కూతురింట్లో టీవీ ఉంది, నువ్వెట్లాగూ కొనవు అంది. అప్పట్నుంచి నా దగ్గరే ఉంది. ఇప్పటి స్టేషన్లు దానికి అందవని తెలిసి, ఒక రిపేరు అంగడిలో లోపలి సామానంతా తీయించి కొత్తది పెట్టించాను. పెట్టె మాత్రం అదే, తొడుగు అదే, చిల్లులు అవే.

ఇదంతా మా మనవరాలికి తెలియనిది కాదు, ముక్కలు ముక్కలుగా చాలాసార్లు విన్నదే. చపాతీ అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడింది. ఒక్క క్రిస్మస్ పేరే చెప్తే అది నాకోసం, మా ఇంటి కోసం చెప్పినట్టవుతుందని, అది తప్పని, చెప్తే అందరివీ చెప్పాలని అంది. అందరివీ చెప్పు అన్నాను, గాలికేమన్నా మీరు అద్దె కడుతున్నారా అన్నాను.

"అయితే నీ ధనుర్మాసం కూడా చెప్పాలి."

"నాది చెప్పకపోయినా ఏం కొదవ లేదు. అదిగో, గుడి మైకులో చెవులు పగలగొడతాండారు. ఆమెది చెప్పు, చాలు."

"అట్లా కుదరదు అవ్వా."

"అయితే ఏదీ చెప్పొద్దు. జావ పొయ్యి అందరికీ."

ఆ మాట నేను అనాల్సింది కాదేమో, అనాల్సిందేనేమో, తెలియదు. ఆ పిల్ల కళ్ళు ఎర్రబడ్డాయి. గదిలోకి పోయి తలుపు వేసుకుంది. నేను గిన్నెలు కడిగి, రేడియోను ఒక గుడ్డ సంచిలో సర్దుకుని పడుకున్నాను.

తెల్లవారి నేను లేచేసరికే మనవరాలు వెళ్ళిపోయింది. నాకు కాఫీ డికాక్షన్ వేసి మూత పెట్టి పోయింది, మాట మాత్రం చెప్పి పోలేదు. నేను సంచి తీసుకుని హూడి బస్సెక్కాను. మా కొడుకు కారు పిలుస్తానన్నాడు. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు డబ్బులే లేనప్పుడు కారెందుకన్నాను. చలికి బస్సు అద్దాలన్నీ మూసి ఉన్నాయి. నా పక్క సీటులో ఒక అమ్మాయి తెల్లచీరలో, తలలో మల్లెపూలతో చర్చికి పోతోంది. నా ఒళ్ళో సంచి చూసి పిండివంటలా అవ్వా అని అడిగింది. అవునన్నాను.

అక్క కూతురు తలుపు తీసింది. బాల్కనీలో కాగితం నక్షత్రం వేలాడుతోంది. అక్క మంచం మీద స్వెట్టరు వేసుకుని, తలకు మఫ్లరు చుట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, "రండమ్మా, కూర్చోండి," అంది. నేను కూర్చోలేదు. గదిలో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్నది బీరువా. కుర్చీ వేసుకుని, కూతురు వద్దంటున్నా ఎక్కి రేడియోను దాని మీద పెట్టాను, ముఖం పక్కకు తిప్పి. తెలుగు అర్ధగంట మొదలైంది. మా మనవరాలి గొంతు. నీళ్ళ ట్యాంకరు సంగతి చెప్పింది. తరవాత ఆ వాక్యమే చదివింది, 'ఈ పండుగల వేళ మీ అందరికీ మా శుభాకాంక్షలు.' అక్క దుప్పటి అంచును వేళ్ళతో సవరించుకుంటూ ఉంది. తల ఎత్తలేదు. అయిపోయిందనుకున్నాను. దిగుదామని కుర్చీ పట్టుకున్నాను.

రేడియోలో కొంచెంసేపు ఏమీ రాలేదు. సెల్లులేమో అనుకున్నాను. అప్పుడు ఆ పిల్ల గొంతు మళ్ళీ వచ్చింది. ఇది ధనుర్మాసమని, చీకటి ఉండగానే లేచి వాకిట్లో ముగ్గు వేసి, పాశురం కోసం చెవులు పెట్టుకుని ఉన్నవాళ్ళకు శుభోదయమని చెప్పింది.

అక్క తలెత్తింది. బీరువా పైకి చూసింది. తరవాత నా వైపు చూసింది.

"పెంచమ్మా, సౌండు పెంచు," అంది. "గోడవతల పిల్లకు వినపడాల."

నేను పెంచాను.

"అది రేడియో కొనుక్కోదు. పిసినిగొట్టుది. అడగనూ అడగదు, మానం ఎక్కువ దానికి. ఇంకా పెంచు. లేసినట్టు లేదు. గోడ కొట్టలేదు ఇంకా."

కుర్చీ దిగి ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నేనే అది. గోడవతల పిల్లను నేనే."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అది ఆమె మంచితనం. "మీరు కూర్చోండమ్మా, పెద్దవాళ్ళు," అని, మళ్ళీ గోడ వైపు తిరిగింది. "ఏమైంది దీనికి ఈ పొద్దు. ఒళ్ళు బాగలేదో ఏమో. ఇంకా పెంచండి." ఆమె గొంతులో కంగారు పుట్టింది. మంచం దిగబోయింది. కూతురు పట్టుకుని, అమ్మా, అమ్మా, చిన్నమ్మ ఇక్కడే ఉంది చూడు అంటోంది. ఆమె వినడం లేదు, గోడనే చూస్తోంది.

ఆ గోడకు అవతల వంటిల్లు. నేను గదిలోంచి బయటికి వచ్చి వంటింట్లోకి పోయాను. గిన్నెల స్టాండులో గరిటె కనబడింది. తీసుకుని గోడ మీద తట్టాను. ఫ్లాటు గోడ, పైదాకా కట్టిన గోడ, వినబడుతుందో లేదోనని ఇంకోసారి తట్టాను.

"అదిగో," అంది లోపల అక్క. "లేసింది. తగ్గించు పాపా ఇంక. సాయిబుగారు లేస్తాడు."

రేడియో శబ్దం తగ్గింది. ఆ తగ్గిన గొంతులోనే మా మనవరాలు ఒక్కొక్కటిగా పేర్లు పిలుచుకుంటూ వచ్చింది, రాబోయే గురువుగారి జయంతి, సంక్రాంతి, ఇంకా నాకు తెలియనివి. ఈరోజు క్రిస్మస్ అని కూడా చెప్పింది. ఏ మాట కోసం ఆ పిల్లను ఏడిపించానో, ఆ మాటను నేను వంటింట్లో గోడకు చెవి ఆనించి విన్నాను. అక్క విన్నదో లేదో తెలియదు. లోపల ఆమె కూతురితో ఏదో చెప్తోంది, నవ్వుతోంది కూడా. కేకు ఒకటి గుడ్డు లేకుండా చెయ్యాల, మరిచిపోవద్దు అనడం వినబడింది.

కాసేపటికి కూతురు వంటింట్లోకి వచ్చింది. ముఖమంతా తడిగా ఉంది. అమ్మ బాగా మాట్లాడుతోంది చిన్నమ్మా, లోపలికి రా అని పిలిచింది. నేను రానన్నాను. లోపలికి పోతే మళ్ళీ ఎవరో పెద్దావిడను అవుతాను, కూర్చోమంటుంది, ఏ ఊరని అడుగుతుంది. గోడకు ఇవతల ఉన్నంతసేపే నేను ఆమె ఎరిగిన మనిషిని.

తెలుగు కార్యక్రమం అర్ధగంటే. అది అయిపోయేదాకా గరిటె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.